బ్లాగు: వెబ్‌సైటులలో చిట్టా పుస్తకము

పూర్వము వర్తకుల అంగళ్ళలో రెండు విధములైన లెక్కల పుస్తకములు తప్పక ఉండెడివి. ఒకటి చిట్టా, రెండవది ఆవర్జా. ఏ రోజున జరిగిన ఇచ్చిపుచ్చుకొనుటలు ఆ రోజు తేదీ క్రింద, జరిగిన వరుసలోనే చిట్టాలో పడును. ఆవర్జాలో వరుస వేరు. అందు ఒక్కొక్క ఆసామికి ఒక్కొక్క పుట. ఎవరి బాకీ ఎంతయో తెలిసికొనుటకు తేదీ గుర్తుండ నక్కరలేదు. పేరు తెలిసిన చాలును. రెండు పుస్తకములలోను ఉన్నవి అవే అంకెలు. అమరిక మారుటచేత పుస్తకము చేయు పనియే మారిపోయినది.

ఇంటర్నెట్టులోని వెబ్‌సైటులకును ఈ విభాగము చక్కగా వర్తించును. విశ్వవిద్యాలయపు సైటు, రైలు టిక్కెట్లు అమ్ము సైటు, ఆసుపత్రి సైటు, నిఘంటువు, ఇవన్నియు ఆవర్జా జాతికి చెందినవి. పాఠకుడు తనకు కావలసిన శీర్షికను వెదకికొని ఆ పుటకు పోవును. బ్లాగు చిట్టా జాతికి చెందినది. అందు తేదీయే వెన్నెముక. ఒక్క భేదము మాత్రము కలదు. చిట్టాలో కొత్త పద్దు అడుగున చేరును. బ్లాగులో అది నెత్తిమీద చేరి పాతవాటిని క్రిందికి నెట్టును.

బ్లాగు అనగా సొంత గొడవలు వ్రాసికొను సైటు అని కొందరును, ఉచితముగా దొరకు సైటు అని కొందరును తలచుట కలదు. రెండును సరికావు. గణితశాస్త్రమునకు బ్లాగులు కలవు, వంటకు కలవు, న్యాయశాస్త్రమునకు కలవు. డబ్బు చెల్లించి నడపు బ్లాగులును కలవు. ప్రతి బ్లాగును వెబ్‌సైటే. ప్రతి వెబ్‌సైటును బ్లాగు కాదు. ఈ రెంటికిని గల భేదము విషయములో లేదు, అలంకరణములో లేదు, అమరికలో ఉన్నది. ఆ అమరిక ఒక్క దినమున ఎవరో ఆలోచించి కనిపెట్టినది కాదు. దాని అవయవములు ఒక్కొక్కటి ఒక్కొక్క అవసరమును బట్టి, సుమారు పది సంవత్సరముల కాలములో వచ్చి చేరినవి. అందువలన బ్లాగు ఏమియో తెలియుటకు నిర్వచనముకంటె చరిత్రయే సులభమైన దారి.

ముందు మాటను చూతము. బ్లాగు అను మాటకు మూలము ‘వెబ్‌లాగ్’. ఇంగ్లీషులో ‘లాగ్’ అనగా దుంగ. పూర్వము ఓడ వేగమును కొలుచుటకు నావికులు ఒక కొయ్యముక్కకు త్రాడు కట్టి సముద్రములోనికి విసరెడివారు. ఆ త్రాటికి సమదూరములలో ముడులు వేసి యుండును. కొయ్యముక్క నీటిలో నిలిచియుండగా ఓడ ముందునకు సాగును; ఇసుక గడియారములోని ఇసుక జారిపోవులోగా ఎన్ని ముడులు చేతిలోనుండి జారినవో లెక్కించుదురు. ఓడ వేగమును నేటికిని ‘నాట్’లలో, అనగా ముడులలో, చెప్పుట ఇందువలననే. ఇట్లు కొలిచిన వేగమును, గాలి దిక్కును, ఆనాటి విశేషములను తేదీలవారీగ వ్రాయు పుస్తకమునకు ‘లాగ్ బుక్కు’ అని పేరు వచ్చినది. ఓడ మునిగినను, దారి తప్పినను విచారణకు మొదటి సాక్ష్యము ఆ పుస్తకమే. దుంగ పేరు పుస్తకమునకును, పుస్తకము పేరు వెబ్‌సైటునకును ఎక్కినది.

ఇక వెబ్‌సైటు సంగతి. 1989 మార్చిలో జెనీవా సమీపమున గల సెర్న్ అను అణుభౌతిక పరిశోధనశాలలో టిమ్ బెర్నర్స్ లీ అను ఇంగ్లీషు యువకుడు ఒక ప్రతిపాదనను వ్రాసి పై అధికారికి ఇచ్చెను. వేర్వేరు కంప్యూటరులలో చెల్లాచెదురుగ ఉన్న పత్రములను ఒకదానితో ఒకటి లింకులచే ముడివేయుట దాని సారాంశము. 1990 చివరకు నెక్స్ట్ అను కంపెనీవారి కంప్యూటరుపై మొదటి సర్వరును, మొదటి బ్రౌజరును ఆయన సిద్ధము చేసెను. 1991 ఆగస్టు 6వ తేదీన ఈ సంగతి ఇంటర్నెట్టులోని ఒక చర్చా సమూహమున ప్రకటితమాయెను. 1993 ఏప్రిల్ 30న సెర్న్ వారు ఈ సాధనమును ఎవరైనను రుసుము లేకుండ వాడుకొనవచ్చునని దస్తావేజు వ్రాసి యిచ్చిరి.

ఇందు ఒక విశేషము సామాన్యముగా మరుగున పడుచున్నది. బెర్నర్స్ లీ చేసిన మొదటి బ్రౌజరు చదువుటకు మాత్రమే ఉద్దేశింపబడినది కాదు. అందులో వ్రాయుటకును వీలుండెను. పుటను చూచుచున్నవాడు అచ్చటనే దానిని దిద్దవచ్చును, కొత్త పుటను సృష్టింపవచ్చును, రెంటికి లింకు వేయవచ్చును. చదువరియు రచయితయు ఒకే కిటికీలో కూర్చుండుట ఆయన ఉద్దేశము. కాని ఆ నెక్స్ట్ కంప్యూటరులు ఖరీదైనవి, అరుదైనవి. మిగిలిన కంప్యూటరులపై పనిచేయు బ్రౌజరు ఒకటి త్వరగా కావలసి వచ్చినది. అప్పుడు సెర్న్‌లో శిక్షణకు వచ్చిన నికోలా పెలో అను గణిత విద్యార్థిని ఏ కంప్యూటరుపైనైనను నడచు చిన్న బ్రౌజరును తయారు చేసెను. అది అక్షరములను చూపును, లింకులను అనుసరించును, వ్రాయనీయదు. 1993లో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయమున మార్క్ ఆండ్రీసెన్, ఎరిక్ బీనా అనువారు చేసిన మొజాయిక్ అను బ్రౌజరు బొమ్మలను అక్షరముల నడుమనే చూపి లోకమును ఆకర్షించినది. అదియు చదువుటకే. ఇట్లు తొందరపాటు వలనను, యంత్రముల ధర వలనను, వెబ్ పుట్టిన రెండు మూడేండ్లలోనే చదువు తలుపు విశాలమై, వ్రాత తలుపు దాదాపు మూసికొనిపోయినది. బ్లాగు చరిత్ర ఆ రెండవ తలుపును తిరిగి తెరచిన చరిత్ర.

ఆ కాలమున ఒక పుటను వెబ్‌లో పెట్టుట ఎంత పనియో నేటి విద్యార్థులకు ఊహించుట కష్టము. ముందు హెచ్. టి. ఎం. ఎల్. అను గుర్తుల భాషను నేర్చికొనవలెను. ఏది శీర్షికయో, ఏది పేరాయో, ఏది లింకో తెలుపు గుర్తులతో ఫైలును చేతితో వ్రాయవలెను. తరువాత దానిని వేరొక సాధనముతో సర్వరునకు పంపవలెను. పుట ఒకసారి పెట్టి వదలివేయుదు ననువానికి ఈ శ్రమ భరింపదగినదే. ప్రతిదినమును కొత్త సంగతి చేర్చెద ననువానికి మాత్రము ఇది నరకయాతన. ఫైలు తెరచి, పాత వ్రాతకు పైన కొత్తది చేర్చి, పుట మరీ పొడవైనచో అడుగున ఉన్న దానిని కత్తిరించి వేరొక ఫైలులో అతికించి, దానికి లింకు వేసి, రెండు ఫైలులను మరల పంపవలెను. ఒక్క గుర్తు తప్పినను పుట అంతయు చెదరిపోవును.

అయినను అట్లు చేసినవారు ఉండిరి. ఇల్లినాయ్‌లో మొజాయిక్ చేసిన సంస్థవారే 1993లో ‘కొత్త సంగతులు’ అను అర్థము వచ్చు పేరుతో ఒక పుటను నడపిరి. అప్పటికి సైటులు కొద్దివే గనుక, కొత్తగా ఏ సైటు పుట్టినను అందు తేదీతో నమోదు చేసెడివారు. 1994లో జస్టిన్ హాల్ అను అమెరికా కళాశాల విద్యార్థి తన జీవితమును గురించియు, తనకు నచ్చిన సైటులను గురించియు పుటలు పెట్టసాగెను. 1997 ఏప్రిల్‌లో డేవ్ వైనర్ అను సాఫ్ట్‌వేరు రచయిత ‘స్క్రిప్టింగ్ న్యూస్’ అను దినచర్యా పుటను ప్రారంభించెను. అదే సంవత్సరము డిసెంబరులో జోర్న్ బార్గర్ అనునతడు తాను చదివిన మంచి పుటల లింకులను ఏరోజు కారోజు కూర్చు తన పుటకు ‘వెబ్‌లాగ్’ అని పేరు పెట్టెను. వెబ్‌లో తన ప్రయాణమునకు అది ఓడ పుస్తకము వంటిదని భావము. 1999 ఆరంభమున ఇట్టివాటిని ఒక జాబితాగా కూర్చి చూచినప్పుడు తేలినవి 23 మాత్రమే. ఆ సంవత్సరమే పీటర్ మెర్‌హోల్జ్ అను రూపశిల్పి పరిహాసమునకై ‘వెబ్‌లాగ్’ను విరిచి ‘వీ బ్లాగ్’ అని చదువవలెనని తన పుట అంచున వ్రాసెను. అనగా ‘మేము బ్లాగుచున్నాము’ అని అర్థము. పరిహాసము మిగిలిపోయి, అసలు మాట మరుగున పడినది.

23 అను సంఖ్య కోట్లకు పెరుగుటకు కారణము రచనాసక్తి ఒక్కటియే కాదు, యంత్రము పని తీరు మారుట. 1999 ఆగస్టులో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఇవాన్ విలియమ్స్, మెగ్ హౌరిహాన్ అనువారు నడపు పైరా ల్యాబ్స్ అను చిన్న సంస్థ ‘బ్లాగర్’ అను సాధనమును విడుదల చేసినది. ఆ సంస్థ అసలు చేయదలచినది కార్యాలయ పనులను నిర్వహించు సాఫ్ట్‌వేరు. బ్లాగర్ దాని ప్రక్కన మొలచిన పిలక. పిలకయే చెట్టయినది.

బ్లాగర్ చేసిన పని చూచుటకు చాల చిన్నది. బ్రౌజరులో ఒక ఖాళీ పెట్టె కనిపించును. అందు వ్రాసి ఒక మీట నొక్కవలెను, అంతే. ఆ వ్రాత తేదీతోను, వేళతోను, రచయిత పేరుతోను ఒక పట్టికలో పద్దుగా చేరును. పుట రూపురేఖలు వేరుగా ఒక మూసలో ఉండును. యంత్రము పట్టికలోని పద్దులను తీసి మూసలో పోసి పుటలను తయారు చేయును. ఇందలి కీలకము వ్రాతను రూపమునుండి విడదీయుట. ఒకసారి వ్రాసిన పద్దు మొదటి పుటలో కనిపించును, ఆ నెల పాత వ్రాతల పుటలో కనిపించును, రచయిత విషయపు పేర్లు తగిలించినచో ఆ విషయపు పుటలోను కనిపించునట్లు చేయవచ్చును. వర్తకుని భాషలో చెప్పవలెనన్నచో, చిట్టా వ్రాసిన చాలును. ఆవర్జాను యంత్రమే కట్టును. గుమాస్తాకు జీతము లేదు, తప్పులు లేవు. బెర్నర్స్ లీ మొదటి బ్రౌజరులో ఉండి పోగొట్టుకొనిన వ్రాత తలుపు మరియొక విధముగ తెరచుకొన్నది.

సాధనము ప్రసిద్ధి కెక్కినను సంస్థకు ఆదాయము లేదు. 2001 ఆరంభమునకు డబ్బు పూర్తిగ అడుగంటెను. పనివారు వెడలిపోగా ఇవాన్ విలియమ్స్ ఒక్కడే కొంతకాలము దానిని నడపెను. 2003 ఫిబ్రవరిలో గూగుల్ కంపెనీ దానిని కొన్నది. ఈ నడుమ 2001లో బెన్ ట్రాట్, మీనా ట్రాట్ దంపతులు ‘మూవబుల్ టైప్’ అను సాధనమును, 2003 మే 27న మాట్ ముల్లెన్‌వెగ్, మైక్ లిటిల్ అనువారు ‘వర్డ్‌ప్రెస్’ను వెలువరించిరి. ముల్లెన్‌వెగ్‌కు అప్పటికి 19 ఏండ్లు. ఆయన క్రొత్తగా మొదలుపెట్టలేదు. మిషెల్ వాల్‌డ్రిగీ అను నతడు చేసి వదలిన ‘బి2’ అను స్వేచ్ఛా సాఫ్ట్‌వేరును తీసికొని దానిపై కట్టెను. ఎవరైనను తీసి మార్చుకొనవచ్చునను షరతుతో విడుదలైన సాఫ్ట్‌వేరు, రచయిత వదలినను చావదనుటకు ఇది చక్కని నిదర్శనము.

బ్లాగునకు మిగిలిన అవయవములు ఈ కాలముననే చేరినవి. వాటిలో ముఖ్యమైనది ప్రతి పద్దునకును శాశ్వతమైన చిరునామా. మొదటి బ్లాగులలో ఒక లోపముండెను. మొదటి పుటలో నేడు కనిపించిన వ్రాత పదిరోజులకు క్రిందికి జారి మాయమగును. దానిని మెచ్చి ఇతరులు లింకు ఇచ్చినను, ఆ లింకు పట్టి వచ్చినవానికి మరేదో కనిపించును. 2000లో బ్లాగర్ మొదలైనవి ప్రతి పద్దునకు మారని చిరునామాను ఇయ్యసాగినవి. దానితో పద్దు కదలిపోవు నీటినుండి ఒడ్డునకు చేరినది. ఒకని వ్రాతకు మరొకడు తన బ్లాగులో జవాబు వ్రాయుట, దానికి వేరొకడు ఖండనము వ్రాయుట అప్పుడే నిజముగ సాధ్యమైనవి. చూచుటకు స్వల్పమైన ఈ ఏర్పాటు లేనిచో బ్లాగులు ఒంటరి డైరీలుగానే ఉండిపోయెడివి.

రెండవది వ్యాఖ్యల పెట్టె. 1998 నాటి ‘ఓపెన్ డైరీ’ వంటి సైటులలో మొదలై, పాఠకుడు రచన క్రిందనే తన మాట వ్రాయు పద్ధతి వ్యాపించినది. మూడవది ఆర్. ఎస్. ఎస్. అను ఏర్పాటు. దీనిని 1999లో నెట్‌స్కేప్ కంపెనీలో మద్రాసు ఐ. ఐ. టి.లో చదివిన రామనాథన్ గుహయు, డాన్ లిబీయు రూపొందించిరి. తరువాత డేవ్ వైనర్ దానిని బ్లాగులకు అనువుగ పెంచెను. ప్రతి బ్లాగును తన కొత్త వ్రాతల జాబితాను యంత్రములు చదువగల ఫైలుగ సిద్ధము చేసి ఉంచును. పాఠకుని వద్దనున్న సాధనము ఆ ఫైలులను అప్పుడప్పుడు చూచి వచ్చి, కొత్తవి ఉన్నచో అతని ముందు పెట్టును. వంద బ్లాగుల తలుపులు తట్టుటకు మారుగ ఒక్క చోట కూర్చుండి చదువవచ్చును. చందాదారుని ఇంటికి పత్రిక వచ్చినట్లే. చందా మాత్రము లేదు.

ఇప్పుడు ఇతర జాతులతో పోల్చుట తేలిక. ఇంటర్నెట్టులో చర్చా సమూహములు వెబ్ కంటె ముందే ఉన్నవి. 1979లో ఊహింపబడి 1980లో నడక సాగించిన యూజ్‌నెట్ అట్టిది. అది ఊరి నడుమ రచ్చబండ. ఎవరైనను మాట మొదలు పెట్టవచ్చును, ఎవరైనను అడ్డు రావచ్చును. స్థలము ఎవరిదియు కాదు. బ్లాగు ఇంటి ముందరి అరుగు. మాట మొదలు పెట్టువాడు ఇంటియజమాని. దారిన పోవువారు కూర్చుండి వ్యాఖ్యానింపవచ్చును; మరీ పెడసరముగ మాటలాడినచో లేచిపొమ్మను హక్కు యజమానికి ఉన్నది. ఇక వికీ. 1995 మార్చి 25న వార్డ్ కన్నింగ్‌హామ్ అను అమెరికా ప్రోగ్రామరు మొదటి వికీని పెట్టెను. ‘వికీ’ అను హవాయి మాటకు త్వరగా అని అర్థము. 2001 జనవరి 15న వికీపీడియా ఆ పద్ధతిపై పుట్టెను. వికీలో పుట అందరిది. రచయిత పేరు పుటపై కనిపించదు. తేదీలు వెనుకనున్న మార్పుల చరిత్రలో దాగి యుండును. నిన్న తప్పుగ ఉన్నది నేడు దిద్దబడి, పుట ఎల్లప్పుడు నేటి మాటనే చెప్పుటకు యత్నించును. బ్లాగులో పద్దు సంతకముతోను, తేదీతోను నిలిచిపోవును. 2003లో తప్పుగ తలచినవాడు 2003లో అట్లు తలచెనని చూపుటయే దాని గుణము. దినపత్రిక సైటునకును తేదీ ఉన్నది గాని, అచ్చట వ్రాతకును పాఠకునకును మధ్య సంపాదకుడు ఉండును. అది లాభమో నష్టమో సందర్భమును బట్టి తేలును.

ఈ చివరి భేదము యొక్క ఫలితము 2002 డిసెంబరులో అమెరికాలో కనిపించెను. సెనేటులో రిపబ్లికన్ పక్ష నాయకుడైన ట్రెంట్ లాట్, స్ట్రోమ్ థర్మండ్ అను సెనేటరు నూరవ జన్మదిన సభలో, 1948లో ఆయన అధ్యక్షుడుగ ఎన్నికైయున్నచో దేశమునకు ఇన్ని చిక్కులు వచ్చి యుండెడివి కావను అర్థము వచ్చునట్లు పలికెను. ఆ 1948 పోటీ నల్లజాతివారిని వేరుగ ఉంచు విధానమును నిలుపుటకై జరిగినది. పెద్ద పత్రికలలో అధికభాగము ఆ మాటను మొదట పట్టించుకొనలేదు. పత్రికకు ప్రతి ఉదయమును కొత్త వార్త కావలెను; నిన్నటి సభ నేడు పాతది. జాష్ మార్షల్ మొదలగు బ్లాగు రచయితలకు ఆ నిర్బంధము లేదు. వారు అదే విషయముపై దినదినమును పద్దులు చేర్చుచు, పాత ఉపన్యాసములకు లింకులు ఇచ్చుచు పోయిరి. పత్రికలు అప్పుడు వెనుకకు తిరిగి చూచినవి. డిసెంబరు 20న లాట్ నాయకపదవి వదలుకొనెను. బ్లాగులే ఆయనను దింపినవనుట అతిశయోక్తి. విషయము చల్లారనీయక ఉంచినవనుట న్యాయము.

చిట్టా పద్ధతికి గల బలమును, లోపమును ఒక్కసారిగ చూపిన సందర్భము మాత్రము ఆసియాలో వచ్చినది. 2004 డిసెంబరు 26 ఉదయమున సుమత్రా దీవి సమీపమున సముద్ర గర్భములో వచ్చిన భూకంపము వలన పుట్టిన సునామీ, ఇండొనేషియా మొదలు శ్రీలంక, తమిళనాడు, అండమాను, ఆంధ్ర తీరము వరకు పడి, అన్ని దేశములలో కలిసి రెండు లక్షలమందికి పైగ ప్రాణములను తీసినది. పీటర్ గ్రిఫిన్, దీనా మెహతా, రోహిత్ గుప్తా అను భారతీయులు వెంటనే బ్లాగర్‌పై ఒక బ్లాగును తెరచిరి. కంపెనీ లేదు, కార్యాలయము లేదు, అనుమతి లేదు. ఎచ్చట ఏమి కావలెనో, ఎవరు ఇయ్యగలరో, విరాళములు ఎచ్చటికి పంపవలెనో అందు వ్రాయసాగిరి. అనేక దేశములనుండి స్వచ్ఛంద సేవకులు వ్రాయుటకు చేరిరి. ఒక మామూలు వెబ్‌సైటును నియమించి, రూపము నిర్ణయించి, పుటలు కట్టించులోపల వారము గడచిపోయెడిది. బ్లాగునకు కొన్ని నిమిషములు చాలినవి.

కాని పద్దులు వెల్లువగ వచ్చుటతో అమరికయే అడ్డమైనది. ఒక ఆసుపత్రి ఫోను సంఖ్యను ఉదయము పెట్టినచో సాయంత్రమునకు అది ఎన్నో పద్దుల అడుగున పడిపోవును. తప్పిపోయిన బిడ్డను వెదకు తల్లికి సరికొత్త వార్త అక్కరలేదు. సరియైన పుట కావలెను. అందువలన తప్పిపోయినవారికి, సహాయకేంద్రములకు, వార్తలకు వేర్వేరు బ్లాగులు తెరచిరి. విషయములవారీగ కూర్చుటకు ఒక వికీని కూడ ఏర్పరచిరి. చిట్టా పెరిగిన కొలది ఆవర్జా కావలసివచ్చుట అంగడిలో జరిగినట్లే ఇచ్చటను జరిగినది. అంగడిలో బాకీ ఆలస్యముగ తేలును, ఇచ్చట మనుష్యులు.

మరియొక లోపము 2006 జులైలో బయటపడెను. భారత ప్రభుత్వపు టెలికాం శాఖ కొద్దిపాటి పుటలను అడ్డుకొనుమని ఇంటర్నెట్టు కంపెనీలకు ఉత్తరువు ఇచ్చినది. వాటిలో కొన్ని బ్లాగర్ వారి ‘బ్లాగ్‌స్పాట్’లో ఉన్నవి. బ్లాగ్‌స్పాట్‌లోని లక్షలాది బ్లాగులు అన్నియు ఒక్క పెద్ద చిరునామాకు తోక పేర్లు. ఒక్క గదికి తాళము వేయుట చేతగాక అనేక కంపెనీలు భవనము మొత్తమునకు తాళము వేసినవి. దేశములోని బ్లాగు రచయితలు కొన్ని రోజులపాటు తమ వ్రాతలను తామే చూడలేకపోయిరి. సొంత చిరునామా గల వెబ్‌సైటునకు అట్టి ఇబ్బంది కలుగలేదు. ఉచితముగ ఇంటిలో చోటిచ్చినవాని తలుపు మీద మన అదుపు ఎంతయో ఆ రోజులలో తెలిసినది.

తెలుగులో బ్లాగులు ఆలస్యముగ పుట్టుటకు కారణము లిపి. 2000 ప్రాంతమున తెలుగు దినపత్రికల సైటులు ఒక్కొక్కటి తన సొంత ఫాంటును వాడెడిది. ఆ ఫాంటు లేని కంప్యూటరులో పుట అంతయు పిచ్చిగీతలుగ కనిపించును. వెదకుటకు వీలులేదు, ఒక సైటునుండి మరొక సైటునకు మాటను కాపీ చేయ వీలులేదు. పెద్ద సంస్థ తన పాఠకులచే ఫాంటును దింపించుకొనగలదు. సామాన్యుని దినచర్య కొరకు ఎవరు దింపుకొందురు? అందుచే తెలుగువారు చాలకాలము ఇంగ్లీషు అక్షరములతోనే తెలుగు వ్రాసిరి. యూనికోడ్ అను ప్రపంచ లిపి ప్రమాణములో 1991లోనే తెలుగునకు 128 స్థానములు గల గడి కేటాయింపబడినది గాని, దానిని చూపగల కంప్యూటరులు ఇంటింటికి చేరుటకు కాలము పట్టినది. 2001లో వెలువడిన విండోస్ ఎక్స్‌పీలో ‘గౌతమి’ అను తెలుగు ఫాంటు చేరి వచ్చెను. తరువాత నాలుగైదేండ్లకు, ఇంగ్లీషు మీటలు నొక్కినచో తెలుగు అక్షరములు పడు ‘లేఖిని’ వంటి పుటలు వచ్చినవి. తెలుగు బ్లాగుల కొత్త వ్రాతలను ఆర్. ఎస్. ఎస్. సాయముతో ఒక్కచోట చూపు ‘కూడలి’ వంటి సైటులు వచ్చినవి. అమెరికాలో ఉద్యోగము చేయువారును, హైదరాబాదు గృహిణులును, పల్లెటూరి ఉపాధ్యాయులును ఒకే వరుసలో కనిపించిరి. అచ్చుపత్రికకు పంపి తిరుగుటపాకై ఎదురుచూచు అలవాటు గల భాషలో ఇది చిన్న మార్పు కాదు.

ఆ రచయితలు పద్దునకు పెట్టుకొన్న పేరు ‘టపా’. ఇంగ్లీషులో పద్దును ‘పోస్టు’ అందురు. ప్రకటనను స్తంభమునకు అంటించుట అను అర్థమునుండి ఆ మాట వచ్చినది. ఉత్తరముల పోస్టు వేరు. తెలుగువారు ఉత్తరముల అర్థమునే తీసికొని టపా అన్నారు. నిఘంటువు ప్రకారము పొరపాటే గాని, మాట మాత్రము చెవికి ఇంపైనది, తేలికగ నిలిచినది.

తరువాతి కథ త్వరగ చెప్పదగినది. 2004లో ఫేస్‌బుక్, 2006లో ట్విట్టర్ పుట్టినవి. ట్విట్టర్ స్థాపకులలో బ్లాగర్ చేసిన ఇవాన్ విలియమ్స్ ఒకడు. వ్రాత పెట్టె మరింత చిన్నదైనది, వ్రాయుట మరింత సులభమైనది. అవియు మొదట చిట్టాలే. క్రమముగ వాటిలో పద్దుల వరుసను తేదీ నిర్ణయించుట మాని, పాఠకుని కన్నును ఎక్కువ సేపు నిలుపునది ఏదో లెక్కకట్టు యంత్రము నిర్ణయింపసాగినది. రెండేండ్ల క్రిందటి మాట నేటి మాటవలె పైకి రావచ్చును; నేటి మాట ఎవ్వరికిని కనబడకపోవచ్చును. 2013 జులై 1న గూగుల్ తన ఆర్. ఎస్. ఎస్. చదువు సాధనమును మూసివేయుటతో, బ్లాగులను వరుసగ చదువు అలవాటునకు పెద్ద దెబ్బ తగిలినది. అంతకు ముందే, 2009 అక్టోబరులో, 1990లలో లక్షలాది జనులు సొంత పుటలు కట్టుకొన్న జియోసిటీస్ అను ఊరు మొత్తము యాహూ కంపెనీ నిర్ణయముతో అదృశ్యమైనది. కొందరు ఔత్సాహికులును, బ్రూస్టర్ కాలే 1996లో స్థాపించిన ఇంటర్నెట్ ఆర్కైవ్ సంస్థయు చేతనైనంత వరకు నకళ్ళు తీసి దాచిరి.

బ్లాగు అను పేరు పలుచబడినను దాని యంత్రము మాత్రము ఎచ్చటికిని పోలేదు. బ్లాగు సాధనముగ పుట్టిన వర్డ్‌ప్రెస్‌తో నేడు ప్రపంచములోని వెబ్‌సైటులలో సుమారు పదింట నాలుగు నడచుచున్నవి. వాటిలో బడుల సైటులు, దుకాణములు, ఆసుపత్రులు, పత్రికలు అన్నియు కలవు. 2005లో దానికి తేదీతో పనిలేని ‘పుట’ అను రెండవ రకము చేర్చబడినది. చిట్టా సాధనములో ఆవర్జాకు చోటిచ్చిరన్నమాట. విద్యార్థి ఎవడైనను వర్డ్‌ప్రెస్ వెనుకనున్న పట్టికను తెరచి చూచినచో, బ్లాగు టపాయు, దుకాణపు చిరునామా పుటయు ఒకే పట్టికలో ప్రక్కప్రక్కన కనిపించును. ఆ పట్టిక పేరు నేటికిని ‘పోస్ట్స్’. రెంటికిని భేదము రకమును తెలుపు ఒక చిన్న గడిలో మాత్రమే ఉన్నది. తేదీ గడి అన్నిటికిని కలదు. దుకాణపు చిరునామాకును కలదు, దానిని ఎవ్వరును చూపరు.